మంద వెనక నడిచేవాడు

ఆ పొద్దున యోగీశ్ చేసిన చివరి మామూలు పని బట్టలు ఆరేయడం. కర్ణాటక సరిహద్దు పల్లె రాయచెర్లులో వాళ్ళింటి ముందు, కిటికీ చువ్వకూ కరెంటు మీటరు పక్కనున్న మేకుకూ నడుమ కట్టిన తీగె మీద తన నీలిరంగు టీషర్టును లోపలి వైపు బయటికి తిప్పి ఆరేశాడు. మూడేళ్ళ కిందటి కబడ్డీ జట్టు టీషర్టు అది. వీపు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోకూడదని అతని జాగ్రత్త. బకెట్లో మిగిలిన నీళ్ళు కరివేప మొక్కకు పోసి, "అక్కా, ఆరుకంతా వస్తా. లైబ్రరీ మూసెయ్యద్దు" అని కేకేసి బండెక్కాడు.

లోపల సంగటి కెలుకుతున్న సవిత "ఊఁ" అంది. తల తిప్పలేదు. రోజూ పోయే మనిషే, రోజూ వచ్చే మనిషే.

వల్లూరు మలుపులో కంకర మీద బండి జారింది. ఎదురుగా వస్తున్న ట్రాక్టరు ఆగింది గానీ ఆగవలసినంత దూరంలో కాదు. పావగడ ఆసుపత్రిలో చూసి తుమకూరుకు తీసుకుపొమ్మన్నారు. మధుగిరి రాకముందే అయిపోయింది. అతనికి ముప్పై మూడేళ్ళు.

ఇంకో పన్నెండు రోజులకు బెంగళూరులో అతని పరీక్ష. అది పాసైతే మళ్ళీ ఏదో ఒక జట్టులో చేరవచ్చు, ఈసారి సహాయకుడిగా కాదు, ఫిట్‌నెస్ కోచ్‌గా. అప్పటికి రెండుసార్లు పోయింది. మూడోసారి పోకూడదని అక్కా తమ్ముడూ ఎనిమిది నెలలు ప్రతి సాయంత్రం కూర్చుని చదివారు. సవితకు ఆ పరీక్ష తన పరీక్షే అయింది.

ఆమె పంచాయతీ గ్రంథాలయం చూసుకుంటుంది. తమ్ముడి కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి కదిరమ్మ పోయేనాటికి వాడికి ఐదేళ్ళు, ఈమెకు పదమూడు. తర్వాత పెళ్ళయి అత్తగారింటికి పోయింది, నాలుగేళ్ళకు ఆ కాపురం చాలించుకుని తిరిగొచ్చింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరు పోయినా, ఎవరు వచ్చినా తలుపు తీసేది ఆమే.

ఊళ్ళో యోగీశ్ పని ఎవరికీ అంతుపట్టలేదు. మొదటి సీజను ముగించుకుని అతను ఇంటికొచ్చినప్పుడు పక్కింటి నాగక్క అరుగు మీద చతికిలబడి అడిగింది.

"ఏమప్పా యోగీశా, దినామూ టీవీలో ఆట చూస్తిమి. నువ్వు యాడా కనపడల్యా. నువ్వు ఆడతావా, ఆడిస్తావా?"

"ఆడేదీ లేదు, ఆడించేదీ లేదత్తా. ఆడేవాళ్ళ ఒళ్ళు చూసుకునేది నా పని."

"ఒళ్ళు చూసేదేంది?"

"పొద్దున లేస్తానే అందరి బరువూ చూడల్ల. ఎన్ని గంటలు పండుకున్న్యారు, యాడ నొప్పి ఉండాది, ఉచ్చ ఏ రంగుండాది, అన్నీ రాయల్ల. ఆమీన పరిగెత్తించల్ల."

నాగక్క కొంగు నోట్లో కుక్కుకుంది. "ఉచ్చ రంగు చూసేదానికా నువ్వు పదహైదేండ్లు చదివింది? మా ఇంటాయప్ప ఏం చదవకనే ఎనుమును చూసి చెప్తుండె కదప్పా!"

"రంగు ముదురైతే నీళ్ళు తాగల్యా అని అర్థమత్తా. నువ్వూ చూసుకోని రేపు చెప్పు, రాసుకుంటా."

"థూ, పోరా ఎగతాళోడా!" అని నవ్వుతూ లేచిపోయింది. మరునాటికి ఊరంతా అతనికి ఆ ఉద్యోగమే ఖాయం చేసింది. అతను నవ్వి ఊరుకున్నాడు. చదివిన పదిహేనేళ్ళ సంగతి మాత్రం నాగక్క సరిగానే చెప్పింది, ఒక రెండేళ్ళు తక్కువ చెప్పింది, అంతే.

పావగడలో ఇంటరుకు సమానమైన పీయూసీ, తుమకూరులో డిగ్రీ, ఆపైన వ్యాయామ విద్యలో బీపీఎడ్. అతనితో చదివినవాళ్ళు చాలామంది బళ్ళలో పీటీ మాస్టర్లుగా కుదురుకున్నారు. అతను బెంగళూరులో ఒక జిమ్ములో చేరాడు. ఐదేళ్ళు అక్కడ లావైన మనుషుల చేత బరువులెత్తించి, చాపలూ డంబెల్సూ సర్దే గదిలోనే పడుకున్నాడు. ఆదివారాలు ఏవో చిన్న చిన్న కోర్సులకు పోయేవాడు. ప్రథమ చికిత్స ఒకటి, ఆటగాళ్ళ ఆహారం గురించి ఒకటి. ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరు దిండు కింద పెట్టుకునేవాడు.

ప్రశాంత్‌కుమార్ అతన్ని అక్కడే చూశాడు. కబడ్డీ జట్టొకటి ఆ జిమ్ములో వారం రోజులు సాధన చేసింది. ఆ జట్టుకు ఫిట్‌నెస్ కోచ్ అతనే. కోలారు వైపు మనిషి, తెలుగు వచ్చు. మొదటి రోజు ఆటగాళ్ళు బస్సు దిగుతుంటే యోగీశ్ గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ, ఐదో మనిషి దిగగానే పోయి అతని చేతిలో సంచి తీసుకున్నాడు. మిగతా ఎవరి సంచీ ముట్టలేదు.

"ఆయప్పదే ఎందుకు తీసుకుంటివి?" అని ప్రశాంత్‌కుమార్ తర్వాత అడిగాడు.

"కుడిపక్క నడుము పట్టేసుండాది సార్. మెట్టు దిగేటప్పుడు కాలు ముందు పెట్టల్యా, ఒళ్ళు ముందు పెట్టినాడు."

"యాడ నేర్చుకున్న్యావప్పా ఇది?"

"మా నాయనతో గొర్లు తోలుకోని పోతాంటి సార్."

ఆ నెలలోనే సహాయకుడిగా తీసుకున్నాడు. ఫిట్‌నెస్ పనిలో అది కింది మెట్టు. పైన ఫిట్‌నెస్ కోచ్, పక్కన గాయాలు చూసే ఫిజియో, అందరి మీదా పెద్ద కోచ్. సహాయకుడు అందరి కంటే ముందు లేస్తాడు, అందరి తర్వాత తింటాడు. హోటల్లో ఆటగాళ్ళది ఒక బల్ల, కోచ్‌లది ఒక బల్ల. యోగీశ్ నీళ్ళ సీసాలూ పళ్ళూ పంచి వచ్చేసరికి రెండు బల్లలూ ఖాళీ అయ్యేవి. ఒక్కడే కూర్చుని తిని, సవితకు ఫోన్ చేసేవాడు.

"తింటివా?"

"తింటి. నువ్వు?"

"ఏం కూర?"

"ఏమో అక్కా, పచ్చగా ఉండాది."

అంతకు మించి మాటలుండేవి కావు. ఇటు ఆమె, అటు అతను కాసేపు ఫోను చెవిన పెట్టుకుని ఊరికే ఉండేవాళ్ళు. జట్టు ఫొటో ఒకటి పంపించాడు ఒకసారి. అందులో అతని మోచెయ్యి మాత్రమే ఉంది. ఐసు పెట్టె పట్టుకుని పక్కకు తప్పుకుంటున్నప్పుడు తీశారట.

వాళ్ళ నాయన మల్లేశప్ప గొర్రెలు కాచినవాడు. నలభై గొర్రెలూ, నాలుగెకరాల చేనూ. తర్వాత చేను సోలార్ పార్కుకు పోయింది, బీళ్ళన్నీ అద్దాల పలకలయ్యాయి, మేపు లేక మంద అమ్మేశారు. మంద పోయిన రెండేళ్ళకు ఆయనా పోయాడు. ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. మందలో ఏ గొర్రెకైనా కాలు నొప్పి చేస్తే దాన్ని వేలెత్తి చూపకూడదు, "ఇది కుంటుతోంది" అని నోటితో అనకూడదు. అంటే ఆ నొప్పి మందకంతా చెప్పినట్టే. మల్లేశప్ప ఏమీ అనకుండా ఆ రోజు మందనంతా మెల్లగా నడిపేవాడు. తాను వెనకబడి, కుంటేదాని పక్కన నడిచేవాడు. నాలుగు రోజులకు దాని కాలు బాగయ్యేది, ఏది కుంటిందో బయటివాళ్ళకు తెలిసేది కాదు. పిల్లప్పుడు సవితా యోగీశూ ఆ నడకలోనే పెరిగారు. జ్వరం వచ్చినా ఆ ఇంట్లో ఎవరూ జ్వరమనేవాళ్ళు కాదు, దుప్పటి కప్పుకునేవాళ్ళు.

రెండో సీజను నడుమ ఒక రోజు సాధనలో జట్టులో కూతకెళ్ళే మంచి రైడరు ఎడమకాలు అర క్షణం ఆలస్యంగా లేవడం యోగీశ్ చూశాడు. ఆ రైడరుకు ఇంకా తెలియలేదు. యోగీశ్ ఏమీ అనలేదు. ఆ రోజు జట్టునంతా మెల్లగా పరిగెత్తించాడు, మరునాడూ అంతే. తాను ఆ రైడరు పక్కనే పరిగెత్తాడు. ప్రతి ఆటగాడి పేరుకూ ఎదురుగా నొప్పి ఎక్కడో రాసే గడి ఒకటుంటుంది రోజువారీ కాగితంలో. ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

మూడో రోజు మ్యాచ్‌లో ఆ మోకాలు పోయింది.

విచారణ పెట్టారు. పెద్ద కోచ్ కాగితం ముందు పెట్టి, "తెలీక రాయలేదా, తెలిసీ రాయలేదా?" అని అడిగాడు. "తెలిసీ రాయలేదు సార్" అన్నాడు యోగీశ్. బయటికొచ్చాక ప్రశాంత్‌కుమార్ తల పట్టుకున్నాడు.

"తెలీదు అనింటే నిన్ను కాపాడుకుంటాంటి కదప్పా! చిన్నోడు, కొత్త, అని చెప్తాంటి."

"తెలుసు కద సార్."

"తెలిస్తే రాయల్ల కదా!"

యోగీశ్ లోపలికి పోయాడు. సంచి సర్దుకున్నాడు. బస్టాండు దాకా వచ్చిన ప్రశాంత్‌కుమార్ ఒక మాట చెప్పాడు. పెద్ద పరీక్ష ఒకటుంది, అది పాసైన కాగితం చేతిలో ఉంటే ఇంకో జట్టువాళ్ళు పాత కథ అడగరు, నేరుగా కోచ్ పనే ఇస్తారు. "నీకు కన్నుండాది, పనితనముండాది. ఆ కాగితం ఒకటి సంపాదిచ్చుకో. మళ్ళా నేనే మాట్లాడతా."

ఇంటికొచ్చి రెండో రోజు, గ్రంథాలయంలో ఎవరూ లేనప్పుడు, యోగీశ్ ఇదంతా అక్కకు చెప్పాడు. తన గురించి తాను అంతసేపు మాట్లాడడం ఆమె ఎన్నడూ వినలేదు. విని ఆమె చేసిన పని తిట్టడం.

"నాయన గొర్లకు పెట్టిన పట్టింపు మనుషులకు పెడతారా ఎవరన్నా? బీపీఎడ్ చదివినోనివి, సిగ్గులేదా? నేను మొదుట్నుంచీ చెప్పలేదా, పీటీ మాస్టరు పనికి అర్జీ పెట్టుకో, ఇంటి దగ్గర ఉండు అని? ఇంగ వాళ్ళ ఆట వద్దు, ఏమీ వద్దు."

అతను పుస్తకాల బీరువా అద్దంలో చూస్తూ నిలబడ్డాడు. "సరే అక్కా" అన్నాడు. ఆ తర్వాత తన సంగతి ఆమె దగ్గర ఎత్తలేదు. ఆమె అది కోపం అనుకుంది, తగ్గుతుందిలే అనుకుంది.

వల్లూరు సోలార్ పార్కులో పలకలు కడిగే వాళ్ళ మీద సూపర్‌వైజర్‌గా కుదిరాడు. పొద్దున పని మొదలుకాకముందు పదిమంది ఆడవాళ్ళనూ వరసలో నిలబెట్టి చేతులు ఎత్తించేవాడు, నడుములు వంచించేవాడు. పొడుగు కర్రకు కట్టిన బ్రష్షుతో రోజంతా తోస్తే కుడి భుజం పోతుంది, అందుకని ప్రతి వరస చివర చేయి మార్చమనేవాడు. మొదట్లో కెంచమ్మ అనే ఆమె వరసలోంచి అరిచేది, "ఏమి సామీ, మమ్మల్ని కూడా కబడ్డీకి తోలకపోతావా?" అని. "తోలకపోతా, ముందు మోకాలు వంచు కెంచమ్మక్కా" అనేవాడు. పలకల నడుమ ఆ నవ్వు చాలా దూరం వినపడేది. అక్కడ చెట్టు లేదు, గోడ లేదు, మాట ఆపేది ఏదీ లేదు.

మొదటిసారి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం సవిత బస్సు దగ్గరికే పోయింది.

"ఏమాయ?"

"పోయిందక్కా."

"ఇంగ్లీషేనా?"

అతను సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. ఆమెకు అదే జవాబయింది. కన్నడ మీడియంలో చదివినవాడు, వెయ్యి పేజీల ఇంగ్లీషు పుస్తకం, పోక ఏమవుతుంది అనుకుంది. రెండోసారి పోయినప్పుడు అడగను కూడా అడగలేదు. ఆ మరునాడే చెప్పింది: "పీటీ మాస్టరు మాట ఇంగ ఎత్తను. నీ పుస్తకం లైబ్రరీకి తీసుకురా. ఇంగ్లీషు నేను చెప్తా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో చెప్పబోయినట్టు ఆమెకు ఇప్పటికీ గుర్తు. "సరే అక్కా. ఆరుకు వస్తా" అన్నాడు.

ఆ ఎనిమిది నెలలూ సవిత జీవితంలో మంచి కాలం. ఆరింటికి పేపర్లు చదివే ముసలివాళ్ళు లేచిపోతారు. అతను ముఖం కడుక్కుని, తడి జుట్టుతో ఎదురు బెంచీ మీద కూర్చుంటాడు. ఆమె పుస్తకం తీసి ఒక్కో మాటా అడుగుతుంది.

"హ్యామ్‌స్ట్రింగ్."

"తొడ వెనక."

"వాక్యంలో చెప్పు."

అతను చెప్పేవాడు, ఇంగ్లీషులో, తడుముకోకుండా. ఆమె సంతోషపడి పేజీ తిప్పేది. ఎంత తొందరగా నేర్చుకుంటున్నాడో అనుకునేది. ఒక్కోసారి ఆమె మాట తప్పు పలికితే అతను మెల్లగా సరిచేసేవాడు, ఆమె ఒప్పుకునేది కాదు. "నేను అక్కనా, నువ్వు అక్కనా?" అంటే, "నువ్వే, నువ్వే. నువ్వు చెప్పినట్లే పలకల్ల ఇంగ్లీషోళ్ళు కూడా" అనేవాడు. ఎనిమిదికి తాళం వేసి ఇద్దరూ ఇంటికి నడిచేవాళ్ళు. అతను అర అడుగు వెనక నడిచేవాడు. చిన్నప్పట్నుంచీ అతని నడక అదే.

అతను పోయాక ఆ టీషర్టు ఐదు రోజులు తీగె మీదే ఉండిపోయింది. ఎవరూ తీయలేదు. ఆరో రోజు నాగక్క వచ్చి తీసి, మడిచి, సవిత ఒళ్ళో పెట్టి పోయింది. పదకొండో రోజు కర్మకు కెంచమ్మా మిగతా ఆడవాళ్ళూ పని మానుకుని వచ్చారు. ప్రశాంత్‌కుమార్ బెంగళూరు నుంచి వచ్చాడు. తలుపు దగ్గర చెప్పులు విడిచి చాలాసేపు లోపలికి రాలేదు.

"ఈసారి పాసైతే నాతోనే పెట్టుకుందామని అనుకుంటి అక్కా" అన్నాడు. "మా జట్టు మారింది. మేనేజ్‌మెంటుతో మాట్లాడి పెట్టినా."

"ఇంగ్లీషు బాగా వచ్చేసుండె సార్ వానికి" అంది సవిత. "ఈసారి తప్పకుండా పాసయ్యేవాడు."

ఆయన తల ఊపాడు.

తర్వాతి సాయంత్రాలు ఆమెకు కష్టమయ్యాయి. ఆరింటికి ముసలివాళ్ళు లేచిపోతారు. ఎదురు బెంచీ ఖాళీగా ఉంటుంది. ఎనిమిదింటి దాకా ఉండవలసిన పని లేదు, అయినా ఉండేది. పుస్తకం తెరిచి పైకి చదివేది. బయట ఎవరైనా ఆగి విని, లోపల ఒక్కతే ఉండడం చూసి పోయేవాళ్ళు. పడమట కొండ దాకా పలకలు ఎండ తగ్గి బూడిదరంగుకు తిరిగేవి. నడుమ ఒక్క మనిషి నడిచినా కనపడతాడు, ఎవరూ నడిచేవాళ్ళు కాదు.

రెండు నెలల తర్వాత ఆమె బెంగళూరు పోయింది. పరీక్షకు కట్టినప్పుడు అసలు సర్టిఫికెట్లు ఆ ఆఫీసులో ఇచ్చి ఉంచాలట. బీపీఎడ్‌దీ, ప్రథమ చికిత్సదీ అక్కడే ఉండిపోయాయి. అవి ఇంట్లో ఉండాలి. ఇక వాటితో పని ఉండదు, అయినా అవి వాడు దిండు కింద పెట్టుకున్న కాగితాలు. తెల్లవారి బస్సుకు బయల్దేరి, అడుక్కుంటూ అడుక్కుంటూ మధ్యాహ్నానికి ఆ మేడ ఎక్కింది. కిటికీ దగ్గర ఇరవై ఏళ్ళ అమ్మాయి కన్నడంలో పేరు అడిగింది. కంప్యూటర్‌లో చూసి, లోపలికి పోయి కవరు తెచ్చింది.

"ఆయన రాలేదా? అక్టోబరు పరీక్షకు కూడా రాలేదు."

సవిత చెప్పింది. ఆ అమ్మాయి లేచి నిలబడింది, కాసేపటికి మళ్ళీ కూర్చుంది.

"అయ్యో. ఒక్క ప్రాక్టికలే కదా మిగిలింది" అంది.

"ప్రాక్టికలా? మా వాడికి ఇంగ్లీషులో, రాతపరీక్షలో కదా పోయింది?"

"లేదు మేడం." ఆ అమ్మాయి తెర ఇటు తిప్పింది. "రాతపరీక్ష మొదటిసారే పాసయ్యారు. డెబ్బై ఆరు. ప్రాక్టికల్‌కు ఎవరి మనిషిని వాళ్ళు తెచ్చుకోవాలి. ఎనిమిది వారాలు తర్ఫీదు ఇచ్చి, ఆ మనిషిని వెంటబెట్టుకుని రావాలి, ఇక్కడ అందరి ముందూ చేయించి చూపాలి. ఈయన రెండుసార్లూ ఒక్కరే వచ్చారు. ఎవరినైనా తెచ్చుకోవచ్చు కదా అని మా సార్ అడిగితే, ఊళ్ళో అందరికీ పనులుంటాయి అన్నారు."

సవిత కవరు రెండు చేతులతో పట్టుకుంది.

"ఎట్లాంటి మనిషి కావాల?"

ఆ అమ్మాయి బల్ల మీదున్న నిబంధనల కాగితం తీసి వేలు పెట్టి చదివింది. ముప్పై ఐదేళ్ళు దాటి ఉండాలి, ముందెప్పుడూ వ్యాయామం చేసి ఉండకూడదు. సొంత ఇంట్లోవాళ్ళైనా ఫరవాలేదు.